లినక్స్ మిర్రర్లు: నకళ్ల గోదాముల చరిత్రలో భారత్, దక్షిణాసియా

సైన్స్ అండ్ టెక్నాలజీ, మౌలిక సదుపాయాలు, అంతర్గత భద్రత. జీఎస్-3 సిలబస్‌లో ఈ మూడింటినీ మనం వేర్వేరు నోట్సుల్లో రాసుకుంటాం. మూడూ ఒకే చోట కలిసే చిన్న అంశం ఒకటుంది. లినక్స్ కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి ఫలానా ప్రోగ్రాం కావాలని ఆదేశం ఇస్తే, అది ఏ దేశంలోని సర్వర్ నుంచి వస్తుంది? ఆ సర్వర్‌ను నడిపేది ఎవరు? వచ్చిన సరుకు అసలుదేనని మన యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెతికితే భారత ఇంటర్నెట్ చరిత్రలో సగం కళ్ల ముందుకు వస్తుంది. డిజిటల్ సార్వభౌమత్వంపై వ్యాసం రాయాల్సి వస్తే పనికొచ్చే ఉదాహరణలూ దొరుకుతాయి.

మిర్రర్ అంటే ఏమిటి?

లినక్స్‌లో ప్రోగ్రాములు 'ప్యాకేజీ'ల రూపంలో వస్తాయి. వాటన్నింటినీ ఒకచోట భద్రపరిచే కేంద్రం రిపాజిటరీ. ప్రపంచంలోని యంత్రాలన్నీ ఆ ఒక్క కేంద్రం మీదే పడితే అది కుప్పకూలుతుంది. అందుకే దాని పూర్తి నకలును వేర్వేరు దేశాల్లోని విశ్వవిద్యాలయాలు, ఇంటర్నెట్ సంస్థలు తమ సర్వర్లలో ఉంచి, రోజుకు కొన్నిసార్లు అసలుతో సరిపోల్చుకుంటాయి. ఆ నకలే మిర్రర్.

మనకు తెలిసిన ఉదాహరణతో చెప్పాలంటే భారత ఆహార సంస్థను తీసుకోండి. ధాన్యం ఎక్కడో పండుతుంది. 1965లో ఏర్పడిన ఆ సంస్థ దాన్ని ప్రాంతాల వారీగా గోదాముల్లో నిల్వ చేస్తుంది. రేషన్ దుకాణానికి బియ్యం దగ్గర్లోని గోదాము నుంచి వెళ్తుంది తప్ప పంజాబ్ పొలం నుంచి నేరుగా రాదు. రవాణా ఆగినా గోదాములో నిల్వ ఉంటే దుకాణం నడుస్తుంది. మిర్రర్ చేసే పని కూడా ఇదే. తేడా ఒక్కటే: బియ్యం పంచితే తరుగుతుంది, సాఫ్ట్‌వేర్ ఎంత పంచినా తరగదు.

పునాది: 1971, ఎఫ్‌టీపీ, అభయ్ భూషణ్

ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ఫైళ్లు పంపే పద్ధతికి తొలి నిర్దేశం 1971 ఏప్రిల్‌లో వెలువడింది. ఆర్ఎఫ్‌సీ 114గా ప్రసిద్ధమైన ఆ పత్రాన్ని రాసింది అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి. 1965లో పట్టా పుచ్చుకుని అమెరికాలోని ఎంఐటీకి వెళ్లారు. ఆయన రూపొందించిన ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్, అంటే ఎఫ్‌టీపీ, ఆ తర్వాత దశాబ్దాల పాటు సాఫ్ట్‌వేర్ పంపిణీకి రాజమార్గమైంది. ఐఐటీ కాన్పూర్‌లోని కంప్యూటర్ సైన్స్ విభాగం తర్వాతి కాలంలో లినక్స్ మిర్రర్‌ను నడిపింది. ఆ సంస్థ విద్యార్థి వేసిన బాటలోనే ప్రపంచ సాఫ్ట్‌వేర్ ఆ సంస్థకు చేరిందన్నమాట. మేధో వలసపై రాసే వ్యాసాల్లో ఈ ఉదాహరణ అరుదుగా కనిపిస్తుంది, గుర్తుంచుకోండి.

హెల్సింకి నుంచి ప్రపంచానికి

1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నట్లు ప్రకటించారు. సెప్టెంబరులో దాని తొలి రూపం ఫిన్లాండ్ విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ ఫ్యూనెట్‌కు చెందిన ఎఫ్‌టీపీ సర్వర్‌లోకి ఎక్కింది. ఆ సర్వర్ బాధ్యుల్లో ఒకరైన ఆరి లెమ్కే ఆ ఫోల్డర్‌కు పెట్టిన పేరే 'లినక్స్'. టోర్వాల్డ్స్ మనసులో ఉన్న పేరు వేరు. గోదాము కాపలాదారు రాసిన పేరే సరుకుకు శాశ్వతమైంది.

1992లో లినక్స్ జీపీఎల్ లైసెన్సు కిందకు వచ్చింది. చట్టపరంగా ఇది కీలక మలుపు. ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, నకలు తీసి పంచవచ్చు అన్న హక్కు ఈ లైసెన్సులో ఉంది. ఆ హక్కు లేకపోతే మిర్రర్ అన్న మాటే ఉండదు. యాజమాన్య సాఫ్ట్‌వేర్‌ను అనుమతి లేకుండా మీ కళాశాల సర్వర్‌లో పెట్టి పంచితే అది కాపీరైట్ ఉల్లంఘన. లినక్స్‌ను పెట్టి పంచితే అది సేవ. సాంకేతికత కంటే ముందు చట్టం దారి తెరిచిందన్నది ఇక్కడి పాఠం.

1993లో డెబియన్ ప్రాజెక్టు మొదలైంది. వేల ప్యాకేజీలను ఒక క్రమంలో పేర్చి, ప్రపంచవ్యాప్త మిర్రర్ల ద్వారా అందించే పద్ధతిని అది స్థిరపరిచింది. 1996లో ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెర్రాస్ విడుదల చేసిన ఆర్‌సింక్ దీనికి ఊతమైంది. రెండు సర్వర్ల మధ్య మారిన భాగాన్ని మాత్రమే పంపడం దాని ప్రత్యేకత. 1999లో వచ్చిన డెబియన్ 2.1తో 'ఆప్ట్' అనే సాధనం జనంలోకి వెళ్లింది. ఒక ఆదేశం ఇస్తే చాలు, కావాల్సిన ప్యాకేజీతో పాటు దానికి అవసరమైన తోడు ప్యాకేజీలన్నీ మిర్రర్ నుంచి వాటంతటవే దిగుతాయి.

ఇరుకు దారిలో భారత్: 1986 నుంచి 1998 వరకు

భారత్‌లో ఇంటర్నెట్ మొదట ప్రయోగశాలలకే పరిమితం. 1986లో నాటి ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఎర్నెట్ ప్రారంభమైంది. ఐదు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ, ముంబైలోని జాతీయ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ కేంద్రం, దిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ ఇందులో తొలి భాగస్వాములు. సామాన్యులకు ఇంటర్నెట్‌ను విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి తెచ్చింది. నాటి డయల్-అప్ వేగం 9.6 కేబీపీఎస్.

ఈ అంకెకు అర్థం ఏమిటో లెక్క కట్టి చూద్దాం. ఒక సీడీలో పట్టే సమాచారం 650 మెగాబైట్లు. 9.6 కేబీపీఎస్ వేగంతో అది దిగాలంటే దాదాపు 150 గంటలు కావాలి. లైను ఒక్కసారి కూడా తెగకుండా ఉంటే ఆరు రోజులకు పైమాటే. 64 కేబీపీఎస్ లీజు లైను ఉన్న సంస్థకైనా 22 గంటలు దాటుతుంది. నేటి 100 ఎంబీపీఎస్ ఫైబర్‌పై అదే పని నిమిషంలోపు పూర్తవుతుంది.

అందుకే 1990ల రెండో సగంలో మన దేశంలో లినక్స్ వ్యాపించింది తీగల మీద కన్నా తపాలా సంచుల్లో, పుస్తకాల దుకాణాల్లో. పీసీ క్వెస్ట్ పత్రిక తన సంచికలతో పాటు లినక్స్ సీడీలు ఇచ్చేది. ఒక సీడీ ఒక కళాశాలకు చేరితే దాని నకళ్లు హాస్టల్ గదులన్నీ తిరిగేవి. 2005 నుంచి 2011 వరకు ఉబుంటు నిర్మాతలైన కెనానికల్ సంస్థ అడిగినవారికి ఉచితంగా సీడీలను పోస్టులో పంపింది. చేతులు మారిన ప్రతి సీడీ ఒక నడిచే మిర్రర్. అయితే దానికో పెద్ద లోపం ఉంది. సీడీ తయారైన రోజు దగ్గరే కాలం ఆగిపోతుంది. ఆ తర్వాత బయటపడిన భద్రతా లోపాలకు మరమ్మతులు అందులో ఉండవు. కాబట్టి నిత్యం తాజా అయ్యే మిర్రర్ దేశంలోనే ఉండాల్సిన అవసరం వచ్చింది. ఐఐటీ కాన్పూర్, ఐఐటీ మద్రాసు వంటి సంస్థల మిర్రర్లు ఆ లోటును పూడ్చాయి. 1998 నవంబరులో ఇంటర్నెట్ సేవల రంగాన్ని ప్రైవేటుకు తెరవడంతో వాటిని వాడుకునే జనం కూడా పెరిగారు.

పక్క వీధికి పరదేశం మీదుగా

ప్రైవేటు సంస్థలు వచ్చాక కొత్త చిక్కు మొదలైంది. ఒక నగరంలోని రెండు ఇంటర్నెట్ సంస్థల మధ్య నేరుగా అనుసంధానం లేకపోతే, వాటి మధ్య నడిచే సమాచారం సముద్రం దాటి విదేశానికి వెళ్లి తిరిగి వచ్చేది. మిర్రర్ మన ఊళ్లోనే ఉన్నా దారి మాత్రం పరదేశం మీదుగా. ఖర్చు విదేశీ మారకంలో, ఆలస్యం అదనం.

దీనికి పరిష్కారంగా 2003 జూన్‌లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, అంటే నిక్సీ, లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడింది. దేశీయ ట్రాఫిక్‌ను దేశంలోనే మార్చుకునే కూడళ్లను నోయిడా, ముంబై, చెన్నై, కోల్‌కతాల్లో నెలకొల్పింది. తర్వాత హైదరాబాద్ వంటి నగరాలకూ విస్తరించింది. ప్రిలిమ్స్‌కు చదివేవారు నిక్సీ 2005 నుంచి డాట్ ఇన్ రిజిస్ట్రీని కూడా నిర్వహిస్తోందని గుర్తుంచుకోవాలి.

పొరుగు దేశాలు ఈ విషయంలో మనకంటే వెనకేమీ లేవు. నేపాల్ తన ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్‌ను 2002లోనే, అంటే మనకంటే ముందే ఏర్పాటు చేసుకుంది. బంగ్లాదేశ్ 2004లో ఆ పని చేసింది. సాఫ్ట్‌వేర్‌ను స్వభాషలోకి తెచ్చుకోవడంలోనూ దక్షిణాసియా దేశాలు ఒకే చెట్టు కొమ్మలు. 2005లో నేపాల్‌లో నేపాలినక్స్, 2006లో భూటాన్‌లో జోంఖా లినక్స్, 2007లో భారత్‌లో సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ వెలువడ్డాయి. మూడింటికీ మూలం డెబియనే. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులోకి తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఆ కోవలోదే. రాజకీయంగా సార్క్ ముందుకు సాగని కాలంలో కూడా ఈ దేశాల యంత్రాలు ఒకే భాండాగారం నుంచి తోడుకున్నాయి.

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రగర్భ కేబుళ్లు తెగినప్పుడు భారత్ సహా అనేక దేశాల్లో ఇంటర్నెట్ కుంటుపడింది. దేశంలోనే నకలు, దేశంలోనే కూడలి ఉంటే అటువంటి రోజున కూడా ఒక ఆసుపత్రి సర్వర్‌కు భద్రతా మరమ్మతు అందుతుంది. గోదాము విలువ తెలిసేది రైళ్లు ఆగిన రోజునే.

టెర్మినల్ సాధనం ఏం చేస్తుంది?

మిర్రర్లు వందల్లోకి పెరిగాక ఏది ఎంచుకోవాలన్న ప్రశ్న వచ్చింది. తొలినాళ్లలో వినియోగదారు ఒక టెక్స్ట్ ఫైలు తెరిచి మిర్రర్ చిరునామాను చేత్తో మార్చుకోవాలి. ఆ పనిని యంత్రానికే అప్పగించే చిన్న టెర్మినల్ సాధనాలు తర్వాత వచ్చాయి. డెబియన్‌లో నెట్‌సెలెక్ట్-ఆప్ట్, ఆర్చ్ లినక్స్‌లో రిఫ్లెక్టర్, మంజారోలో పాక్‌మ్యాన్-మిర్రర్స్ ఇందుకు ఉదాహరణలు. ఫెడోరా మరో దారి పట్టింది. దాని మిర్రర్‌మేనేజర్ సర్వర్ వైపు నుంచే, అడిగినవారి నెట్‌వర్క్‌ను, దేశాన్ని బట్టి తగిన మిర్రర్ల జాబితాను పంపుతుంది.

రిఫ్లెక్టర్ పనితీరు చూస్తే సూత్రం అర్థమవుతుంది. మొదట ఆర్చ్ ప్రాజెక్టు నుంచి మిర్రర్ల తాజా స్థితి జాబితా తెచ్చుకుంటుంది. అందులోంచి మనం కోరిన దేశాలవి, భద్రమైన ప్రోటోకాల్ ఉన్నవి, గత కొన్ని గంటల్లో అసలుతో సరిపోల్చుకున్నవి ఏరుతుంది. మిగిలిన వాటి నుంచి ఒక ఫైలు దించి వేగం కొలుస్తుంది. చివరికి మంచివాటిని వరుసగా పేర్చి కొత్త జాబితా రాస్తుంది.

ఈ నాలుగు మెట్లలో పాలనకు పనికొచ్చే వివేకం ఉంది. దగ్గరున్నదల్లా వేగమైనది కాదు. 2002లో చెన్నై-సింగపూర్ మధ్య ఐ2ఐ కేబుల్ వచ్చాక దక్షిణ భారత వినియోగదారుకు సరైన అనుసంధానం లేని దేశీయ సర్వర్ కన్నా సింగపూర్ సర్వర్ త్వరగా పలకడానికి వీలు ఏర్పడింది. అలాగే వేగమైనదల్లా తాజాది కాదు. వారం రోజులుగా సరిపోల్చుకోని మిర్రర్ ఎంత వేగంగా ఇచ్చినా ఇచ్చేది పాత సరుకే. దూరం, వేగం, తాజాదనం మూడింటినీ విడివిడిగా కొలవాలి. ఒక సేవాకేంద్రం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందన్నది మాత్రమే చూసి అందుబాటును అంచనా వేసే మన ప్రభుత్వ నివేదికలకూ ఇది వర్తిస్తుంది.

నమ్మకం: నకలును ఎవరు సరిచూస్తారు?

మిర్రర్‌ను నడిపేది మనకు ముఖపరిచయం లేని సంస్థ. అది ప్యాకేజీలో విషం కలిపితే? దీనికి జవాబు డిజిటల్ సంతకం. అసలు ప్రాజెక్టు తన రహస్య తాళంతో జాబితాపై సంతకం చేస్తుంది. మన యంత్రం దగ్గర ఉన్న బహిరంగ తాళంతో దాన్ని సరిచూస్తుంది. ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోదు. డెబియన్‌లో ఈ తనిఖీ 2007 నాటి 4.0 విడుదలతో సహజంగానే అమల్లోకి వచ్చింది. ఐటీ చట్టం-2000లో డిజిటల్ సంతకం గురించి చదివినవారికి ఈ సూత్రం కొత్త కాదు.

అయితే సంతకం ఒక్కటే చాలదని 2008లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఒక కల్పిత నిర్వాహకుడి పేరుతో అద్దె సర్వర్ పెట్టి, పలు ప్రముఖ లినక్స్ పంపిణీల అధికారిక మిర్రర్ల జాబితాల్లో చోటు సంపాదించగలిగారు. చెడ్డ మిర్రర్ కొత్త విషం కలపనక్కర్లేదు. సరైన సంతకమే ఉన్న పాత జాబితాను పదేపదే చూపిస్తే చాలు, వినియోగదారుకు మరమ్మతులు అందవు. దాడి చేసేవాడికి పాత లోపం తెరిచిన తలుపులా మిగులుతుంది. జాబితాలపై గడువు తేదీ వేయడం దీనికి విరుగుడు.

2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంకో మెట్టు పైది. అక్కడ మిర్రర్లు తప్పు చేయలేదు, సంతకాలూ సరిగ్గానే ఉన్నాయి. మూలంలోనే, నిర్వహణ బాధ్యతలో చేరిన వ్యక్తి దొంగదారి అమర్చాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు లాగిన్‌లో స్వల్ప ఆలస్యం ఎందుకు వస్తోందని ఆరా తీయడంతో గుట్టు రట్టయింది. సరఫరా గొలుసు భద్రత అన్న మాట జీఎస్-3 జవాబులో రాసేటప్పుడు మూలం, రవాణా, నిల్వ అనే మూడు దశలనూ విడదీసి చూపితే జవాబుకు బరువు వస్తుంది.

విధానం ఎక్కడ ఉంది, లోటు ఎక్కడ ఉంది?

ప్రభుత్వం వైపు నుంచి చేసింది తక్కువేమీ కాదు. 2005లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ జాతీయ వనరుల కేంద్రం చెన్నైలో ఏర్పడింది. 2010 మార్చిలో కేంద్ర మంత్రివర్గం రూ.5,990 కోట్లతో నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌ను ఆమోదించింది. 2015లో వచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వినియోగ విధానం ఈ-పాలన ప్రాజెక్టుల్లో దానికి ప్రాధాన్యం ఇవ్వాలని, ఇవ్వనప్పుడు కారణం చూపాలని చెప్పింది. కేరళ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాయి. 2023లో రక్షణ శాఖ ఉబుంటు ఆధారిత మాయా ఆపరేటింగ్ సిస్టమ్ వైపు మళ్లుతున్నట్లు వెల్లడైంది. అదే ఏడాది సెప్టెంబరులో డెబియన్ ప్రపంచ సదస్సు కొచ్చిలో జరిగింది.

ఇంత జరిగినా ఒక మౌలిక ప్రశ్న మిగిలే ఉంది. 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షల నేపథ్యంలో నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు కొన్నాళ్లు నిలిచిపోయాయి. వ్యవహారం దిల్లీ హైకోర్టుకు వెళ్లాక పునరుద్ధరణ జరిగింది. యాజమాన్య సేవ కాబట్టి అక్కడ మనకు నకలు ఉంచుకునే హక్కు లేదు. లినక్స్‌లో ఆ హక్కు ఉంది. కానీ హక్కు ఉండటం వేరు, గోదాము కట్టుకోవడం వేరు. స్వదేశీ పేరుతో ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల చేయడం ఒకరోజు వేడుక. 64,000కు పైగా ప్యాకేజీలున్న డెబియన్ 12 వంటి భాండాగారం నకలును ఏళ్ల తరబడి, సెలవు రోజుల్లో సైతం తాజాగా నిలపడం రోజువారీ చాకిరీ. ఆ చాకిరీకి ఫలకాలు, రిబ్బన్లు ఉండవు. విశ్వవిద్యాలయాల్లో ఈ పని చాలావరకు ఆసక్తి గల విద్యార్థులు, ఒకరిద్దరు సిబ్బంది భుజాల మీద నడుస్తుంది. ఆ విద్యార్థి చదువు ముగించి వెళ్లిపోతే డిస్కు నిండిన సంగతి చూసే నాథుడుండడు. మన చెరువుల కథ కూడా ఇంతే. తవ్వించినవారి పేరు శాసనంలో ఉంటుంది, ఏటా పూడిక తీసినవారి పేరు ఉండదు. నీళ్లు నిలిచేది మాత్రం పూడిక తీసినవారి వల్లే.

చేయదగినవి

నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌లోని సంస్థల్లో ప్రాంతానికి ఒకటి చొప్పున మిర్రర్ బాధ్యతను అప్పగించి, దానికి శాశ్వత పోస్టు, నిర్వహణ నిధి కేటాయించాలి. వాటిని ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ కూడళ్లకు నేరుగా కలపాలి. ప్రతి మిర్రర్ ఎంత తాజాగా ఉందో ప్రజలు చూసేలా ప్రకటించాలి. ప్రభుత్వ కార్యాలయాల లినక్స్ యంత్రాలు కనీసం రెండు దేశీయ మిర్రర్లను, ఒక విదేశీ మిర్రర్‌ను జాబితాలో ఉంచుకోవాలి. స్వదేశీ పేరుతో తలుపులు మూసుకుంటే కేబుల్ తెగినప్పుడు వచ్చే నష్టమే మనం చేతులారా తెచ్చుకున్నట్లవుతుంది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంకల విద్యా నెట్‌వర్కులకు మన మిర్రర్లను తెరిచి ఉంచడం తక్కువ ఖర్చుతో జరిగే పొరుగు దౌత్యం.

ముగింపు

అభయ్ భూషణ్ పేరుతో మొదలైన ఎఫ్‌టీపీకి కాలం చెల్లింది. లినక్స్ కెర్నల్ సర్వర్లు, డెబియన్ ప్రాజెక్టు రెండూ 2017లో బహిరంగ ఎఫ్‌టీపీ సేవలను ఆపేశాయి. ప్రోటోకాళ్లు మారతాయి, సీడీలు మూలన పడతాయి. దేశంలో నకలు ఉండాలి, అది తాజాగా ఉండాలి, దాన్ని సరిచూసుకునే తాళం మన చేతిలో ఉండాలి అన్న మూడు అవసరాలు మాత్రం మారలేదు. డిజిటల్ సార్వభౌమత్వంపై ప్రశ్న వస్తే పెద్ద పెద్ద పదాలతో పేజీ నింపకుండా ఈ మూడు వాక్యాల చుట్టూ జవాబు కట్టండి.

సాధన ప్రశ్నలు

1. డిజిటల్ సార్వభౌమత్వానికి స్వదేశీ సాఫ్ట్‌వేర్ తయారీ కన్నా పంపిణీ వ్యవస్థ నిర్వహణ ఎక్కువ ముఖ్యమా? ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)

2. ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్‌ల ఏర్పాటు దక్షిణాసియాలో దేశీయ సమాచార ప్రవాహాన్ని ఎలా మార్చింది? నిక్సీ పాత్రను విశ్లేషించండి. (150 పదాలు)